పెట్టె మీద మూడు దెబ్బలు

గనిలో ముప్పై ఏళ్లు రాయి కొట్టిన హనుమంతప్పకి కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు ఎట్ల నేర్చుకుంటారో పీహెచ్‌డీ చేసే పవిత్ర ఆయన మనవరాలు మోనిషని చింపాంజీతో పోలుస్తాదని తెలిసినాక ఆయనకి అన్నం సయించలేదు.

గని పక్కనుండే ఆండర్సన్‌పేటలో హనుమంతప్ప నట్టింట పవిత్ర ఒక ప్లాస్టిక్ పెట్టె పెట్టింది. లోపలి చాక్లెట్ బయటికే కనిపిస్తా ఉండాది. పుల్లతో పెట్టె మీద మూడుసార్లు తట్టి, తలుపు తీసి చూపించింది. మోనిష కూడా బుద్ధిగా మూడుసార్లు తట్టి, చాక్లెట్ తీసుకునింది.

"చింపాంజీ తట్టదు తాతా, నేరుగా తలుపే తీస్తాది. తట్టేది దండగని దానికి తెలుసు," అనింది పవిత్ర.

"అంటే మా పాప కోతి కన్నా తక్కువా? దండగ పనులు మా ఇంట్లో ఎవరూ చేయరమ్మా!"

విసురుగా వీధిలోకి పోయి, బీడీ కాల్చి తిరిగొచ్చినాడు. గడప దాటే ముందు ద్వారబంధం పైన పిడికిలితో రెండుసార్లు తట్టినాడు. వెనకే నీళ్ల బిందెతో వచ్చిన కోడలూ తట్టింది. ఆమె వెంట వచ్చిన మోనిష అందక, ఎగిరి మరీ తట్టింది.

"ఎందుకు తాతా?" అనడిగింది పవిత్ర.

"గనిలో పైకప్పు తట్టి చూసి, రాయి గుల్లగా మోగితే లోపలికి పోము."

చెప్పినాక తన రేకుల ఇంటిని ఒకసారి చూసుకున్నాడు. గని మూతబడి ఇరవై ఏళ్లు దాటింది.

మర్నాడు పవిత్ర వచ్చి, గడప ముందర ఆగి, రెండుసార్లు తట్టింది.

హనుమంతప్ప మొహం వెలిగిపోయింది.

"రామ్మా లోపలికి! నువ్వూ చింపాంజీవి కాదులే."