ఫుర్కియాలో బావని వదిలేసి

మా అక్క మొగుడు ఖరగ్‌పూర్ లోకో వర్క్‌షాపులో ఫిట్టరు. నేను అదే వర్క్‌షాపులో హాజర్లు రాసే టైమాఫీసు గుమాస్తాని. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో వాళ్ళ క్వార్టరుకీ నా క్వార్టరుకీ మధ్య నాలుగు వీధులు. అమ్మా నాన్నా పోయాక నన్ను చదివించింది బావే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మిగతాదంతా విన్నాక చెబితే ఎవరూ నమ్మరు.

అరవయ్యో దశకం చివర్లో మా వర్క్‌షాపు బెంగాలీ బాబులకి కొండల పిచ్చి పట్టింది. ఇందా పేటలో ఉండే ఒక చార్జ్‌మన్, ఫిట్టర్ల మీద పైవాడు, అప్పటికే రెండుసార్లు హిమాలయాలకి వెళ్ళొచ్చాడు. ఆయన్ని అందరం దాదా అనేవాళ్ళం. ఆ ఏడు మే నెలలో పిండారీ హిమానీనదం చూడాలని ఆయన ఒక జట్టు కట్టాడు. కాఠ్‌గోదాం దాకా రైల్వే పాసు, అక్కడినుంచి బస్సు, ఆ పైన ఆరు రోజుల నడక. రోజుకొక మజిలీ, మజిలీకొక డాక్ బంగళా. సుభాష్‌పల్లి పేటలో ఉండే ఇద్దరు బెంగాలీ గుమాస్తాలు అప్పటికే జట్టులో ఉన్నారు. వాళ్ళు ఫుట్‌బాల్ గురించీ నాటకాల గురించీ మాట్లాడుకుంటుంటే నేను పక్కన నిలబడి వినేవాణ్ణి. వాళ్ళలో ఒకణ్ణి కావాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"వంట వచ్చి, స్టవ్వు బాగుచేయగల మనిషిని తెస్తే నిన్నూ చేర్చుకుంటాం" అన్నాడు దాదా. నేను బావని తీసుకెళ్ళాను.

సాయంత్రాలు సంచుల్లో ఇటుకలు వేసుకుని మా స్టేషన్ ప్లాట్‌ఫాం ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచేవాళ్ళం. అంత పొడుగు ప్లాట్‌ఫాం ఉన్న ఊళ్ళో నడక నేర్చుకోవడానికి వేరే చోటు అక్కర్లేదు. బావ అందరికంటే ఎక్కువ ఇటుకలు మోసేవాడు. లావుపాటి మనిషి, ఖాకీ నిక్కరు, చెమట. నేను వెనకాల వస్తానని చెప్పడానికి హిందీ, బెంగాలీ కలగలిపి "దాదా, హమ్ పీఛే ఆస్బో" అనేవాడు. సుభాష్‌పల్లి వాళ్ళిద్దరూ ఆ మాటని పదేపదే అనుకరించి నవ్వుకునేవారు. కొన్నాళ్ళకి నేను వాళ్ళకంటే బాగా అనుకరించడం మొదలుపెట్టాను. బావ గొంతు నాకు పుట్టినప్పటినుంచీ తెలిసినట్టే లెక్క. వాళ్ళకేం తెలుసు?

కొండల్లో మొదటి మూడు రోజులూ బాగానే గడిచాయి. పైన్ చెట్లు, ఎర్రటి పువ్వులు, బంగళాల్లో రాతి గోడల చల్లదనం. మజిలీ చేరగానే మేం బూట్లు విప్పి చాపలమీద వాలిపోయేవాళ్ళం. బావ స్టవ్వు వెలిగించి కిచిడీ వండేవాడు. ద్వాలీ అనే మజిలీలో కూలీలు ఇక పైకి రామన్నారు. ముందంతా మంచుందని, తాము ఇక్కడే ఉండి ఎదురుచూస్తామని చెప్పారు. బరువులు మేమే పంచుకోవాల్సి వచ్చింది. పంచింది దాదా. కిరసనాయిలు డబ్బా, స్టవ్వు, గిన్నెలు, బియ్యం అన్నీ బావ వీపుకెక్కాయి.

ఆ పొద్దున్నే ద్వాలీ దగ్గర కర్రల వంతెన మీద నేను ఫొటోకి నిలబడి, తల ఎగరేసి నవ్వబోయాను. నా నల్ల కళ్ళద్దాలు జారి నదిలో పడిపోయాయి.

మంచు మీద అద్దాల్లేకుండా నడిస్తే కళ్ళు కాలిపోతాయని దాదా ఖరగ్‌పూర్‌లోనే పాఠంలా చెప్పాడు. అందరం విన్నాం. ఇప్పుడు ఆయన నాకేసి చూసి, తర్వాత బావకేసి చూశాడు. "ఫిట్టర్, నువ్వు ఎలాగూ వెనకాల నడిచేవాడివేగా. మా వీపులు చూసుకుంటూ రా. నీ అద్దాలు అతనికియ్యి."

బావ అప్పటికే అద్దాలు తీసేశాడు. "ఇందరా, పెట్టుకో. నాకేటవుతాది, కొలిమి కాడ కళ్ళు నాయి."

నేను పెట్టుకున్నాను. వద్దనలేదు. చెరికాసేపు పెట్టుకుందామని కూడా అనలేదు. ఆ రోజంతా ఎండలో మంచు అద్దంలా మెరిసింది. బావ వెనకాల ఎలా నడుస్తున్నాడో నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

ఫుర్కియా బంగళా ఆఖరి మజిలీ. మంచు కరిగేదాకా కాపలావాడు పైకి రాడు కాబట్టి తాళం చెవి కిందనుంచే తెచ్చుకున్నాం. చీకటి పడే వేళకి బావ కళ్ళు వాచిపోయి నీళ్ళు కారుతున్నాయి. తెల్లారేసరికి రెప్పలు విడలేదు.

"ఒరే, కళ్ళల్లో ఇసక పోసినట్టుందిరా. ఏటీ కనబడట్నేదు."

"రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అన్నాడు దాదా. అది నిజమే. "ఇంతదూరం వచ్చి, ఒక్కపూట నడక మిగిలుండగా వెనక్కి పోతామా? మధ్యాహ్నానికి వచ్చేస్తాం."

సుభాష్‌పల్లి గుమాస్తాల్లో చిన్నవాడు ఒకమాట గొణిగాడు, ఎవరైనా ఒకరు ఉంటే బాగుంటుందేమోనని. అందరూ నా వైపు చూశారు. నేను బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయాను.

"నన్నొక్కణ్ణీ ఒగ్గీసి ఎల్తారేటిరా?" అన్నాడు బావ. కళ్ళకి తడిగుడ్డ కట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

అప్పుడు నేను, వాళ్ళకి అర్థమయ్యేలా బెంగాలీలో అన్నాను: "కూర్చునే కదా ఉంటావు బావా, మేం వచ్చేసరికి కనీసం టీ అయినా పెట్టి ఉంచు." ఆ పైన బావ గొంతుతోనే, "హమ్ పీఛే ఆస్బో" అన్నాను.

ముగ్గురూ పగలబడి నవ్వారు. నా మాటకి వాళ్ళు అలా నవ్వడం అదే మొదటిసారి. గుమ్మం దాటుతుంటే ఒకడు నా భుజం తట్టాడు.

హిమానీనదం చూశాం. దాని గురించి నాకు చెప్పాలని లేదు. మధ్యాహ్నానికి తిరిగి రావాల్సినవాళ్ళం, ఫొటోల మోజులో సాయంత్రం నాలుగు దాటాక వచ్చాం. బంగళా ఇంకా దూరంగా ఉండగానే కిరసనాయిలు కంపు కొట్టింది.

బావ గుమ్మం బయట మంచులో కూర్చుని, కుడిచెయ్యి మోచేతిదాకా మంచులో పాతిపెట్టుకుని ఉన్నాడు. తడుముకుంటూ స్టవ్వులో నూనె పోయబోతే ఒలికింది, అది తెలియక అగ్గిపుల్ల గీశాడు. చొక్కా చెయ్యి అంటుకుంది. ఎంతసేపటినుంచి అలా కూర్చున్నాడో ఆయనకే తెలియదు. అడుగుల చప్పుడు విని తల ఎత్తాడు.

"టీ అవనేదురా" అన్నాడు.

కిందికి దింపడానికి నాలుగు రోజులు పట్టింది. ద్వాలీనుంచి కూలీలు వీపున మోశారు, ఆ తర్వాత కంచరగాడిద. కళ్ళు రెండో రోజుకే బాగయ్యాయి. చెయ్యి మాత్రం చీము పట్టింది. ఖరగ్‌పూర్ చేరాక రెండు వేళ్ళు తీసేశారు, మిగతావి వంకర తిరిగి బిగుసుకుపోయాయి. ఇంజను బేరింగు మీద చెయ్యి పెట్టి వేడి ఎంతో చెప్పగల మనిషిని, తేలిక పని పేరుతో గేటు దగ్గర బల్లమీద కూర్చోబెట్టారు. ఆయన హాజరు వేసేది మా టైమాఫీసే.

ఆసుపత్రినుంచి వచ్చిన రోజు అక్క నన్ను నిలబెట్టి అడిగింది. "ఆయన కళ్ళు కనబడక తడుముకుంటంటే నువ్వెక్కడున్నావురా?"

"నీళ్ళకెళ్ళానక్కా."

అక్క బావకేసి తిరిగింది. ఆయన నా మొహంకేసి ఒక్క క్షణం చూసి, "అవునే, నీళ్ళకెల్నాడు. దూరం" అన్నాడు.

ఆ దసరాకి వర్క్‌షాపు వాళ్ళందరి ముందూ దాదా మా ప్రయాణం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఒక సభ్యుడు అజాగ్రత్తవల్ల గాయపడ్డాడని అన్నాడు. నేను వేదికమీదే కూర్చున్నాను. చప్పట్లు కొట్టాను కూడా.

మూడేళ్ళ తర్వాత ఇందా బజారులో, చేపల దుకాణం దగ్గర, సుభాష్‌పల్లి చిన్న గుమాస్తా భార్య మాటల్లో మాటగా అక్కకి అంతా చెప్పేసింది. అద్దాలూ, టీ మాటా, ఎగతాళీ అన్నీ. అక్క ఇంటికి కూడా పోకుండా, చేపల సంచితో తిన్నగా నా క్వార్టరుకి వచ్చింది.

"నువ్వు సెప్పనేదు. ఆయనా సెప్పనేదు. పరాయిది సెప్పింది" అంది. ఏడవలేదు. "నా గుమ్మం తొక్కకు." అంతే.

బావ వచ్చి సర్ది చెబుతాడని అనుకున్నాను. నిజంగానే ఆ సాయంత్రం వచ్చాడు. ఎడమచేత్తో సైకిలు పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

"బావా, నువ్వయినా అక్కకి చెప్పు. నువ్వు నన్ను క్షమించావు కదా."

"ఎవుడు సెప్పినాడు నీకు?" అన్నాడు, చాలా మామూలుగా. "నీ మొగం సూసి ఊరుకున్నాననుకున్నావా? పుట్టింటోళ్ళని సెప్పుకోడానికి దానికి ఉన్నది నువ్వొక్కడివి. అది కూడా నేకుండా పోద్దని ఊరుకున్నాను. ఇప్పుడదే ఒద్దనుకుంది. మరి నీతో నాకేటి పని?"

సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అదే సెటిల్‌మెంట్‌లో ఉన్నాం. పొద్దున్న సైరను కూసినప్పుడు గేటు దగ్గర బల్లమీద ఆయన కనిపించేవాడు. నేను లోపలికి వెళుతుంటే, మిగతా వాళ్ళందరి గేటు పాసూ చూసినట్టే, నా పాసు కూడా చూపించమని చెయ్యి చాపేవాడు.