కైలాసం పెట్టిన రెండో పేరు

కైలాసం పోయాక బెల్లంపల్లి గని కార్మికుల ట్రస్టు దవాఖానలో కంప్యూటర్ పని లక్ష్మీరాజం నెత్తిన పడింది. దోస్తు పోయిన దుఃఖం ఒకవైపు, ఆ దోస్తు రాసిపెట్టిన ప్రోగ్రాం ఇంకోవైపు. ఏది ఎక్కువ ఏడిపించిందో చెప్పడం కష్టం. మందుల జాబితా సరిచేస్తే రోగుల పేర్లు మాయమయ్యేవి.

"గిది ప్రోగ్రామా, చిక్కువడ్డ నూలా? ఎందుకు రాసినవో ఒక్క ముక్క చెప్పి పోవద్దా, కైలాసం!" అని మనిషి ఎదురుగా ఉన్నట్టే తిట్టేవాడు.

చివరికి విసిగి, పాతది పక్కనపడేసి కొత్తది రాశాడు. పాతదాంట్లో ప్రతి రోగికీ 'రెండో పేరు' అని ఒకటుండేది. చాదస్తం అనుకుని తీసేశాడు. చొప్పదండి మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, గనుల ఊరి సంగతి ఏమెరుగును?

కొత్త ప్రోగ్రాం పెట్టిన పొద్దున్నే సమ్మవ్వ వచ్చింది. భర్తకు ఆయాసం, పీల్చే మందు అయిపోయింది. డాక్టరు చిట్టీ మీద రాయమల్లు అనుంది, దవాఖాన కార్డు మీద ముత్తయ్య అనుంది. పేర్లు కలవందే కొత్త ప్రోగ్రాం మందు ఇవ్వనివ్వదు.

"ముత్తయ్య ఎవరవ్వా?"

"నా మొగడు."

"మరి రాయమల్లు?"

"ఆయన గూడ నా మొగడే."

వరుసంతా గొల్లుమంది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి! మీ మొగలకెన్ని పేర్లున్నయో నాకెర్క లేదా?"

నవ్వు ఠక్కున ఆగింది. సమ్మవ్వ కార్డు లాక్కుని, మందు లేకుండానే వెళ్లిపోయింది.

మందులిచ్చే నవ్యశ్రీ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "సారూ, ఎన్కట ఇంకొకని పేరు మీద గనిల కొల్వు జేసినోళ్లు మస్తుమంది. గనిల ఒక పేరు, ఇంట్ల ఒక పేరు. ఆ ముచ్చట నలుగురి ముందట అడుగరు. అందుకే కైలాసం సారు రెండో పేరు పెట్టిండు గద, ఏ పేరు కొట్టినా మనిషి దొరుకుతుండె."

"మరి నాకెవ్వలు చెప్పలేదేంది?"

"మీరు అడిగిండ్రా?"

లక్ష్మీరాజం పళ్లు కొరుక్కుంటూ పాత ప్రోగ్రాం మళ్లీ పెట్టాడు. మందు తీసుకుని సమ్మవ్వ ఇంటికి నడిచాడు. రాయమల్లు గోడకు ఆనుకుని, భుజాలెగరేస్తూ ఊపిరి లాగుతున్నాడు.

"ఏ మొగనికి తెచ్చినవు సారు?" అంది సమ్మవ్వ, మందు అందుకుంటూనే.

"ఇద్దరికవ్వా."

రాయమల్లుకు దగ్గులోనే నవ్వొచ్చింది.

చిక్కుపడ్డ నూలును లక్ష్మీరాజం తల్లి కమలవ్వ ఎప్పుడూ తెంపి పారేయలేదు, కొస వెతికి తిట్టుకుంటూనే విడదీసేది. పాత ప్రోగ్రాంతో అతనూ అంతే చేశాడు. ఒక ముడి పట్టుకోవడం, అది ఎందుకుందో దవాఖాన అంతా అడగడం, కారణం పక్కనే రాసి, అప్పుడు సవరించడం. మందులు, పేర్లు వేరయ్యాయి, ఒకటి సరిచేస్తే ఇంకోటి మాయమవడం ఆగింది. ప్రోగ్రాం తేలికైంది. కైలాసాన్ని తిట్టడం మాత్రం తగ్గలేదు.

కొత్తగా వచ్చిన ట్రస్టు కార్యదర్శి భానుప్రసాద్ ఒకరోజు కంప్యూటర్ తెర చూసి, "గీ పాతదెందుకు, మొత్తం కొత్తది రాయరాదుండ్రి?" అన్నాడు.

"రాస్త సారు," అన్నాడు లక్ష్మీరాజం, తల ఎత్తకుండా. "జర ఊరోళ్లందరి రెండో పేర్లు మీరు అడిగిరాండ్రి."