సముద్రం పుస్తకానికి సిఫారసులు

మీరు చదవని పుస్తకాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు మెచ్చుకున్నారు? తడుముకోకండి. నేనూ మెచ్చుకున్నవాణ్నే, అదీ సముద్రాలు దాటించి మరీ.

అరవైల మొదట్లో మాట. ఇందుకూరుపేట దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్పే మేష్టారు ఒకాయన నాకు స్నేహితుడు. నేను నెల్లూరు మీటింగుల్లో మూఢనమ్మకాలను ఉతికి ఆరేస్తుంటే, ఆయన సెలవు దొరికినప్పుడల్లా సైకిలు మీద మైపాడు వెళ్లేవాడు. వలలు బాగుచేసుకునేవాళ్ల పక్కన ఇసుకలో కూర్చుని, ఏ గాలిని ఏమంటారు, నీళ్లు ఎటు లాగితే ఏ చేప పడుతుంది అని అడిగి రాసుకునేవాడు. అలా పన్నెండేళ్లు. చివరికది ఇంగ్లీషులో పుస్తకమైంది. లండనులో ఒక చిన్న ప్రచురణకర్త ఒప్పుకుని అచ్చుకు సీసపు అక్షరాలు కూర్పించాడు కూడా. అంతలో ఆ ప్రచురణకర్త దగ్గర్నుంచి ఉత్తరం: ఇలాంటి పుస్తకం కొనేవాళ్లున్నారో లేదో తెలియదు, ఈ దేశాల్లో మీకు తెలిసినవాళ్లుంటే లైబ్రరీలకూ పత్రికలకూ చెప్పించండి, మూడు నెలల్లో తగినన్ని ఆర్డర్లు రాకపోతే కూర్చిన అక్షరాలు విప్పేస్తాం.

మేష్టారికి తెలిసిన పరదేశమల్లా మద్రాసే.

"నాకెవురు తెలుసన్నా? పోతే పోయిందిలే," అన్నాడు. అంటూనే మడిచి జేబులో పెట్టుకున్న ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ తీసి చదివాడు.

"నేనుండా గదా!" అన్నాను. సిఫారసులు దేశానికి పట్టిన చీడ అని గంటన్నర ఉపన్యసించిన మర్నాడే అన్నాను.

మొదట మేష్టారి చర్చి పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. అమెరికా తిరిగి వెళ్లిపోయిన దొరసాని డాక్టరు అడ్రసు ఆయన దగ్గర ఉంది. ఆయన సంతోషంగా ఎయిర్ లెటర్ నింపి చదివి వినిపించారు. మేష్టారు ఆదివారం ఆరాధన తప్పడు, బీడీ ముట్టడు, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం అద్భుతంగా కడతాడు.

"మరి పుస్తకం సంగతో?"

"అడుగున రాసినాను చూడయ్యా, బుక్ ఆల్సో వెరీ గుడ్ అని."

తర్వాత బుచ్చిరెడ్డిపాలెంలో ఒక రైసుమిల్లు ఆసామి. ఆయన బావమరిది లండనులో డాక్టరు.

"ఏంది సామీ, పంచాంగాలు చించే చెయ్యి ఈపొద్దు మా తలుపు తట్టిందే!"

"పని పడిందన్నా."

"పని పడితే మేం అన్నలం, లేకపోతే మూఢులం. సర్లే. ఇంతకీ ఆ అయ్యవారు మనోడేనా?"

"మనిషే."

ఆయన పకపకా నవ్వి రాస్తానన్నాడు. అయితే ఆషాఢం వెళ్లాకే. శూన్యమాసంలో సముద్రం దాటే ఉత్తరం పంపితే పని చెడుతుందట. మూడు నెలల గడువులో ఇరవై రోజులు పంచాంగానికి సమర్పించి, ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి, "మంచిదన్నా" అని లేచి వచ్చాను. అవసరం మనిషిని ఎంత వినయవంతుణ్ని చేస్తుందో! శ్రావణంలో బయల్దేరిన ఆ ఉత్తరంలో మేష్టారిది పరువైన కుటుంబమనీ, మనిషి నెమ్మదస్తుడనీ, చెడు అలవాట్లు లేవనీ ఉంది. పుస్తకమనే మాట ఒక్కసారి వచ్చింది. మన దగ్గర సిఫారసంటే అంతే. ఉద్యోగానికైనా, ఆసుపత్రిలో మంచానికైనా, పుస్తకానికైనా మనిషి నడవడికే రాస్తాం.

ఇక హేతువాదినైన నా ఉత్తరం ఎంత శాస్త్రీయంగా ఉందో వినండి. ఇంగ్లండులో ఒక హేతువాద పత్రిక సంపాదకుడితో నాకు ఉత్తరాల స్నేహం ఉంది. ఆషాఢానికి ముందే ఆయనకు రాశాను: "తీరప్రాంతపు మూఢనమ్మకాలను ముక్కలు ముక్కలుగా ఖండించిన గ్రంథం." సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మవద్దని ఊరూరా చెప్పేవాణ్ని నేను. మేష్టారు నాకు టైపు ప్రతి ఇచ్చి అప్పటికి ఏడాదైంది. అది బీరువా మీదే ఉంది, కట్టిన దారం విప్పకుండా.

జవాబులు వచ్చాయి. లండను డాక్టరు, ఇక్కడ ఉద్యోగాలు కష్టంగా ఉన్నాయి, అయినా అయ్యవారి సర్టిఫికెట్లు పంపమన్నాడు. దొరసాని మేష్టారి కోసం ప్రార్థిస్తున్నాననీ, రెండు ఉన్ని స్వెట్టర్లు పంపుతున్నాననీ రాసింది. నెల్లూరు ఎండలకు! సంపాదకుడొక్కడే పుస్తకం గురించి అడిగాడు. ఆ ఖండన ఏ అధ్యాయంలో ఉంది? పంపితే అచ్చువేస్తాను, మా పత్రికను లైబ్రరీలవాళ్లు చూస్తారు.

ఆ ఉత్తరం పట్టుకుని మేష్టారి దగ్గరికి పరుగెత్తాను.

"ఖండనా? నేను యాడా ఖండించలేదే," అన్నాడాయన. ఉత్తరం అందుకుని చదివి, "మీరు చదవలేదా అన్నా?" అన్నాడు.

ఇంటికి వచ్చి దారం విప్పాను. రెండు రోజులు చదివాను. గంగమ్మకు మొక్కి పడవలు దించని రోజుల మీద ఒక అధ్యాయం ఉంది. అందులో వెక్కిరింతా లేదు, భక్తీ లేదు. ఏ రోజు ఆగారు, ఆ రోజు గాలి ఎటు వీచింది, ఆగకుండా వెళ్లినవాళ్లకు ఏమైంది. నమ్మకం నిజమైన రోజూ ఉంది, తప్పిన రోజూ ఉంది. నేను బల్లలు గుద్ది చెప్పిన హేతువాదాన్ని ఆయన గొంతు పెంచకుండా చేసి చూపించాడు.

అబద్ధమాడానని ఒప్పుకుంటూ, ఆ అధ్యాయాన్ని చేత్తో నకలు రాసి సంపాదకుడికి పంపాను. ఆయన వేశాడు. లైబ్రరీలు పుస్తకం కావాలని రాశాయి. ఆ ఆర్డర్లు ప్రచురణకర్తకు చేరేసరికి గడువు దాటి రెండు వారాలైంది. అక్షరాలు విప్పేశారు. మళ్లీ కూర్పించేది లేదన్నారు.

ఆ రెండు వారాలను ఆషాఢం నెత్తిన రుద్దాలని నాకు ఎంత కోరికో చెప్పలేను. కానీ నా ఉత్తరం ఆషాఢానికి ముందే వెళ్లింది. అందులో నిజం రాసి, ఆ అధ్యాయాన్ని అప్పుడే జతచేసి ఉంటే ఏ మాసమూ ఏమీ చేయలేకపోయేది.

మేష్టారు నన్ను, "ఇప్పుడు చదివినారు గదన్నా, ఆ దక్షిణపు గాలి గురించి రాసింది అర్థమయ్యేట్టుందా?" అని మాత్రం అడిగాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఆ టైపు ప్రతి నా దగ్గరే ఉంది. మీకు లండనులో ఎవరు తెలుసో నాకు చెప్పకండి. వచ్చి, కూర్చుని, మొదటి పేజీ నుంచి చదవండి. తప్పులుంటే ఏ పేజీలో ఉన్నాయో రాసి మేష్టారికి ఇవ్వండి. చదవకుండా మాత్రం దాని గురించి ఒక్క మంచి మాట కూడా అనకండి.