పన్ను నాది, కేకలు పెద్దమ్మవి

ఆ రోజుల్లో బందరులో పన్ను నొప్పి వస్తే మనిషి ముందు లవంగాన్నీ, ఆ తర్వాత దేవుణ్ణీ, ఇక గత్యంతరం లేదనుకున్నప్పుడే డాక్టరునూ నమ్ముకునేవాడు. నేనూ అంతే. పెదపారుపూడి నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చి, చిలకలపూడిలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. బుగ్గ బూరెలా పొంగేసరికి ఆవిడే నన్ను ఆస్పత్రికి లాక్కెళ్లింది. (అప్పటికి నాకు మీసాలున్నాయి, ఆఫీసులో నన్ను "గారూ" అని కూడా పిలుస్తున్నారు. అయినా దారంతా ఆవిడ చెయ్యి వదల్లేదు.)

అక్కడ పెద్దమ్మ తిన్నగా సూదులు మరిగించే స్టవ్వు దగ్గరికెళ్లి నిలబడింది. "సూది మరిగించారాండీ?" అనడిగింది. "మరిగించామమ్మా," అన్నారు డాక్టరు గారు. "నేను చూళ్లేదుగా! మళ్లీ మరిగించండి." ఆయన మళ్లీ మరిగించారు. ఇంజెక్షనిచ్చి, గుయ్యిమని తిరిగే మిషను పంటికి ఆనించారు. ప్రాణం పోతున్నట్టనిపించి పెద్దమ్మ మణికట్టు పట్టుకుని నొక్కేశాను. గాజులు చేతిలోకి దిగి, "ఓరి నాయనో, చచ్చాన్రోయ్!" అని ఆవిడ పెట్టిన కేకకి బయట బెంచీ మీదున్న వాళ్లంతా చెప్పులేసుకుని వెళ్లిపోయారు. డాక్టరు గారు మిషను ఆపి, "అమ్మా, ఇంతకీ పన్నెవరిదండీ?" అన్నారు. "వాడు నోరు తెరిచి అరవలేడు కదండీ, వాడి బదులు నేనరుస్తున్నా. మీరు కానివ్వండి!" అంది పెద్దమ్మ.

మొన్న అదే ఊళ్లో ఇంకో పన్ను చూపించుకున్నాను. మా అమ్మాయి ఈడు డాక్టరమ్మ, నా కళ్లెదుటే సీలు చింపి పనిముట్లు బయటికి తీసింది. చిన్న కెమెరా నోట్లో పెట్టి, నా పుచ్చు పన్నుని టీవీలో చూపించింది. చిగుళ్లకి ఏదో మందు రాసి, అక్కడ మొద్దుబారాక సూది వేసింది. ఎప్పుడు వేసిందో నాకు తెలియనే లేదు. "ఇబ్బందనిపిస్తే చెయ్యెత్తండి అంకుల్, వెంటనే ఆపేస్తాను," అంది. ఎత్తే పనే పడలేదు. అంతా అయ్యాక, "తోడెవరూ రాలేదా? పర్లేదండీ, హాయిగా ఒక్కరే వెళ్లొచ్చు," అంది నవ్వుతూ.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. సుఖంగా బయటపడ్డందుకు సంతోషించాల్సింది పోయి, జుట్టు నెరిసిన నేను ఆటోలో ఓ మూలకి ఒదిగి, పక్కన చోటు వదిలి కూర్చున్నాను.

ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఇంకెవరన్నా రావాలాండీ?" అన్నాడు.

నవ్వబోయాను. మొద్దుబారిన మూతి సగమే నవ్వింది.