ఏటి ఒడ్డు ఇంటికి టెంకాయ పరీక్ష

సెల్లుకు ఫోను వచ్చినా మన డబ్బే పడే ఆ కాలంలో మా అనంతపురం జిల్లాలో ఏరు అంటే ఇసుక. ఎవరైనా ‘ఏటికి పోయినా’ అంటే ట్రాక్టరు తీసుకుని ఇసుకకు పోయాడని అర్థం చేసుకునేవాళ్ళం గానీ, నీళ్ళు గుర్తుకొచ్చేవి కావు. బడిలో నదుల పాఠం చెబుతుంటే, అయ్యవారిని ‘పారేది అంటే ఎట్లుంటాది సార్’ అని అడిగి బెత్తం దెబ్బ తిన్నవాళ్ళలో నేనొకణ్ణి. (ఆయనా చూసి ఉండడు పాపం, అందుకే కోపం వచ్చింది.) అలాంటి మనుషులం పోయి పోయి పుట్టపర్తి ఊరి నడుమ, చిత్రావతి ఒడ్డున, దుడ్లున్నవాళ్ళ కాలనీలో, బాల్కనీలో కూర్చుంటే నది కనిపించే ఇల్లు కొన్నాం. కొన్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వులో పెద్ద వాటా నాదే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. పొద్దున పిల్లలకు గురుత్వాకర్షణ చెప్పేవాణ్ణి, సాయంత్రం బంధువుల చేలల్లో టెంకాయ పట్టుకుని తిరిగేవాణ్ణి. మా వైపు బోరు వేసేముందు నీళ్ళు ఎక్కడున్నాయో టెంకాయతో చూస్తారు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, నోరెత్తకుండా చేనంతా నడవాలి. కింద నీళ్ళున్న చోట టెంకాయ తనంతట తానే లేచి నిలబడుతుంది. అందరి చేతిలోనూ లేవదు, ఓ పాజిటివ్ రక్తం ఉండాలంటారు. నా ఖర్మకు నాది ఓ పాజిటివ్. ఒకసారి మామ చేనులో సరదాకు పట్టుకుంటే లేచింది, అక్కడ బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి, అంతే, నా పేరు మండలమంతా పాకింది. (ఎందుకు లేస్తుందని మాత్రం అడక్కండి. ఎమ్మెస్సీ పుస్తకాలన్నీ తిరగేశాను.) క్లాసు మధ్యలో అటెండరు తలుపు దగ్గర నిలబడి, సార్, మీ కోసం ఎవరో టెంకాయ తెచ్చుకుని వచ్చినారు అని చెబితే పిల్లలు బెంచీల కింద దూరి నవ్వేవాళ్ళు. విచిత్రమేమంటే ఊరందరి చేలల్లో పనిచేసిన నా చేయి మా చేనులో పనిచేయలేదు. నేను చూపిన చోటల్లా నాయన బోరు వేశాడు, వేసిన ప్రతిదాంట్లోనూ దుమ్మే లేచింది. అయినా ఆయన నా చేతిని ఒక్క మాట అనలేదు. టెంకాయ అమ్మిన కొట్టువాణ్ణి తిట్టేవాడు.

మా ఊరు కొత్తచెరువు పక్కన. అమ్మ వారానికోసారి పుట్టపర్తి ఆశ్రమంలో వంటశాలకు సేవకు పోయి కూరగాయలు తరిగి వచ్చేది. ఆమె పక్కన పీట వేసుకుని తరిగే పెద్దావిడ ఒకరు గోదావరి వైపు నుంచి వచ్చి ఆ ఏటి ఒడ్డు కాలనీలో ఇల్లు కట్టుకుని ఉండేది. మా ఇంట్లో ఆమె పేరు గోదావరి మేడమ్. ఇద్దరికీ బెండకాయల దగ్గర మొదలైన స్నేహం ఎంత ముదిరిందంటే, తరగడం అయిపోయాక అమ్మ వాళ్ళింటికి పోయి, మేడ మీద బాల్కనీలో పేము కుర్చీలో కాసేపు కూర్చుని గానీ బస్సెక్కేది కాదు. ఎదురుగా కనిపించేది ఇసుక, ముళ్ళకంపలు, నాలుగు గొర్రెలు. ‘ఇదేం నదమ్మా, చూడలేక చస్తున్నాను’ అని మేడమ్ విసుక్కుంటుంటే అమ్మ మాత్రం కళ్ళార్పకుండా చూసేదట. చివరికి మేడమ్ ఇల్లు అమ్మేసి తన కూతురి దగ్గరికి పోతున్నానని చెప్పినప్పుడు, అమ్మ ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా నాయన ఎదురుగా కూర్చుంది. పెళ్ళయినప్పటి నుంచి ఏమీ అడగని మనిషి ఆ ఇల్లు కావాలంది. రోడ్డు పక్క మా చేను అంతకుముందే అమ్ముడుపోయి డబ్బు చేతిలో ఉండటంతో, చేతకాదు అనడానికి నాయనకు దారి లేకపోయింది. కానీ ఆయనకు ఒక నియమం ఉంది. ‘నీళ్ళు చూడకుండా భూమి కొనేది మా వంశంలోనే లేదు. అది ఏటి ఒడ్డుండనీ, సముద్రం ఒడ్డుండనీ’ అన్నాడు. అని నా వైపు తిరిగాడు.

అట్లా ఒక ఆదివారం ముగ్గురం బయలుదేరాం. నాయన తలపాగా చుట్టాడు, నేను పెళ్ళిచూపులకు కుట్టించుకున్న ప్యాంటు వేసుకున్నాను, అమ్మ చేతిసంచిలో టెంకాయ. కాలనీ చూసి ప్యాంటు దుమ్ము దులుపుకున్నాను. ఇనుప గేట్లు, గోడల మీద కాగితం పూలు, నున్నటి రాళ్ళు పరిచిన మెట్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, బెంగళూరు వాళ్ళు, ఇళ్ళు బాడుగకు తీసుకున్న తెల్లవాళ్ళు. (అంత గొప్ప కాలనీలోనూ ప్రతి గేటు ముందూ నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసగా ఉండటం చూసి నాయన నన్ను మోచేత్తో పొడిచాడు.) మేడమ్ కాఫీ ఇచ్చి, సాయంత్రం బెంగళూరు కాంట్రాక్టరు కూడా ఇల్లు చూడ్డానికి వస్తున్నాడనీ, అమ్మ మీద ప్రేమ కొద్దీ ముందు మాకే చెప్పిందనీ అంది. నాయన గ్లాసు కింద పెట్టి, ఇంటి చుట్టూ ఒకసారి టెంకాయ తిప్పి చూస్తామన్నాడు. సంగతేమిటో విన్నాక ఆమె ముక్కున వేలేసుకుంది. ‘నది ఒడ్డున ఇల్లు కొంటూ నీళ్ళున్నాయా అని అడిగేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండీ.’

‘మీ వైపు నది వేరు మేడమ్’ అన్నాడు నాయన మర్యాదగానే.

చెప్పులు విడిచి, టెంకాయ అరచేతిలో పడుకోబెట్టుకుని గేటు దగ్గర మొదలుపెట్టాను. ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గుతో కళ్ళు సగం మూసుకున్నాను. అదే కొంప ముంచింది. ఎందుకంటే అది పొలం కాదు, పుట్టపర్తి. అక్కడ ఒక మనిషి చెప్పుల్లేకుండా, మాట్లాడకుండా, కళ్ళు అరమూసి, చేతిలో టెంకాయతో మెల్లగా నడుస్తుంటే, వెనకాల తలపాగా పెద్దమనిషి చేతులు కట్టుకుని వస్తుంటే, చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఎదురింటి నుంచి తెల్లచీర కట్టుకున్న ఒక పొడుగాటి తెల్లామె వచ్చి, చెప్పులు గేటు దగ్గర వదిలి, దండం పెట్టుకుని మా వెనకాల నడవసాగింది. ఆమెను చూసి పక్కింటి రిటైరైన ఆఫీసరు, ఆయన్ను చూసి ఆయన భార్య, ఆమె చేతిలో హారతి పళ్ళెం. రెండో చుట్టుకు వెనకాల సన్నగా భజన మొదలైంది. నోరు తెరిస్తే పరీక్ష చెడుతుంది కాబట్టి నేను చెప్పలేను. చెప్పాల్సిన నాయనేమో, వీళ్ళంతా తమ ఇళ్ళకు కూడా బోరు పాయింటు అడగడానికి వస్తున్నారనుకుని ఛాతీ విరుచుకుని నడుస్తున్నాడు. ఆఫీసరు ఆయన చెవి దగ్గరికి వంగి, ఈ స్వామి ఎవరండీ అని అడగడం నాకు వినిపించింది.

‘మావాడే’ అన్నాడు నాయన గంభీరంగా. ‘ఓ పాజిటివ్.’

ఆ మాటకు ఆఫీసరు ఏమి అర్థం చేసుకున్నాడో గానీ రెండు చేతులూ ఎత్తి నాకు మొక్కాడు. మూడు చుట్లు తిరిగాను. గేటు దగ్గర లేదు, వంటింటి వెనక లేదు, తులసికోట దగ్గర లేదు. టెంకాయ పాలు తాగిన పసిబిడ్డలా నా చేతిలో నిద్రపోయింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి తెల్లామె గబుక్కున ముందుకొచ్చి వంగి నా కాళ్ళు పట్టుకుంది. నా పుట్టుకలో ఎవరూ నా కాళ్ళు పట్టుకున్నది లేదు. గంతేశాను. టెంకాయ ఎగిరి రాతి మెట్టు మీద పడి సరిగ్గా రెండు చెక్కలయింది. అందరూ ‘శుభం’ అన్నారు. ఆఫీసరు భార్య హారతి ఇచ్చింది, ఎవరో లోపలి నుంచి చాకు తెచ్చారు, నేను నోరు తెరిచేలోగా పరీక్ష పెట్టాల్సిన టెంకాయ ప్రసాదమై అందరి నోళ్ళలోకీ పోయింది. గోదావరి మేడమ్ కూడా ఒక ముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది.

నాయన చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. ఆయన దాన్ని తినకుండా అట్లే చూస్తూ నిలబడ్డాడు. ఇంకో టెంకాయ తెస్తానన్నాను. వద్దు, మూడు చుట్లకూ లేవంది నాలుగో చుట్టుకు లేస్తుందా, ఈ జాగా మనకు అచ్చిరాదు, పోదాం పాండి అన్నాడు. అప్పుడే వీధి మలుపులో బెంగళూరు కాంట్రాక్టరు కారు ఆగింది. నేను చేతిసంచి తీసుకుని అమ్మ కోసం వెతికాను. అమ్మ కింద లేదు. మేము ప్రదక్షిణలు చేస్తున్నంతసేపూ ఆమె మేడ మీద పేము కుర్చీలోనే ఉంది. పోదాం రమ్మని నాయన కిందనుంచి పిలిస్తే, లేవకుండానే, గొంతు పెంచకుండానే చెప్పింది.

‘చేన్లో నీళ్ళొస్తాయని ఎన్ని బోర్లు ఏసినావయ్యా నువ్వు? నేనొగ పొద్దన్నా వద్దంటినా? ఈ ఏటికీ ఎప్పుడో ఒగనాడు నీళ్ళొస్తాయి. వచ్చిన పొద్దు నేను ఈడ కూచోని ఉండల్ల. దానికి టెంకాయెందుకు?’

నాయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు, చేతిలోని టెంకాయ ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. తర్వాత గోదావరి మేడమ్ వైపు తిరిగి, ‘మేడమ్, ఆ కుర్చీ గూడా ఇచ్చి పోతారా?’ అని అడిగాడు. కారు దిగిన కాంట్రాక్టరుకు మా ఆఫీసరుగారే ఎదురుపోయి, ఇల్లు స్వామివారి కుటుంబం తీసుకుందని చెప్పి పంపించేశాడు.

ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు ఏరు ఇసుకగానే ఉంది. నాయన ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి వచ్చి, ఏమి, వచ్చినాయా నీళ్ళు అని అమ్మను ఆటపట్టించేవాడు. చివరికి ఒక వానాకాలం, నేనూ అమ్మా రాయదుర్గంలో బంధువుల పెళ్ళికి పోయిన రోజు, సరిగ్గా తలంబ్రాల వేళకు ఫోను వచ్చింది. ‘ఏటికి నీళ్ళొచ్చినాయి. మీయమ్మని బిరీన పిల్చుకోని రా. నిలబడతాయో పోతాయో తెలీదు’ అన్నాడు నాయన, ఊపిరి ఎగబీలుస్తూ. కారు బాడుగకు మాట్లాడుకుని భోజనం కూడా చేయకుండా బయలుదేరాం. దారి పొడవునా ఫోన్లే, ఇంకా ఉండాయి, ఇంకా ఉండాయి అని. ఆ నీళ్ళను ఆయనే చేతులడ్డం పెట్టి ఆపుతున్నాడేమో అనిపించింది. మేము మేడ ఎక్కేసరికి బాల్కనీ నిండా కాలనీ జనం. అందరూ నిలబడే ఉన్నారు. పేము కుర్చీ మాత్రం ఖాళీ, దాని వెనక నాయన రెండు చేతులూ కుర్చీ మీద వేసి కాపలా. పొద్దుటి నుంచి ఎవరినీ కూర్చోనివ్వలేదట, తానూ కూర్చోలేదట. అమ్మ పట్టుచీరతోనే వచ్చి కూర్చుంది. ఎర్రటి నీళ్ళు ఒడ్డులు ఒరుసుకుంటూ పోతున్నాయి. కళ్ళు తుడుచుకుంటూనే చూసింది.

గంగమ్మకు ఇవ్వాలని నాయన పసుపు, కుంకుమ, టెంకాయ తెచ్చి పెట్టాడు. దిగి ఒడ్డుకు పోయాక ఆ టెంకాయ నా చేతికిచ్చి, ఒకసారి పట్టుకో చూద్దాం అన్నాడు నవ్వుతూ. అరచేతిలో పడుకోబెట్టాను. కాళ్ళ కింద, కళ్ళ ఎదుట, కనుచూపు మేరా నీళ్ళు. టెంకాయ ఇంతైనా కదల్లేదు. నాయన దాన్ని తీసుకుని ఏట్లో వదిలేశాడు. కొట్టువాణ్ణి కూడా తిట్టలేదు.

ఇప్పుడు నాకే జుట్టు నెరిసింది. ఏరు మళ్ళీ ఇసుకయింది, మధ్యలో ఎప్పుడైనా నీళ్ళొస్తే వస్తాయి. అమ్మ ఆ కుర్చీలోనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటుంది. పాఠం చెప్పేటప్పుడు ఇలాంటివి నమ్మకూడదని పిల్లలకు గట్టిగానే చెబుతాను. కానీ పండక్కి టెంకాయ కొనబోయినప్పుడు మాత్రం, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అరచేతిలో పడుకోబెట్టి రెండడుగులు నడుస్తాను. మొన్న కొట్టువాడు చూసేశాడు. కాయ బాగాలేదా సార్ అని అడిగాడు. బాగుండాది లేప్పా అని సంచిలో వేసుకుని వచ్చేశాను.