సైకిల్ స్టాండు కింద ఏరు

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మా డిగ్రీ కాలేజీ బోరు అడుగంటింది, దానికి కరెంటు కోతలు తోడయ్యాయి. ప్రిన్సిపాల్ గారు మేడ మీది గదులన్నిటికీ తాళాలు వేయించి, మా బీకాం వాళ్ళని, బీఎస్సీ వాళ్ళని కలిపి కింద పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. పైకి నీళ్ళెక్కించే పని తప్పుతుంది, ఒక్క హాల్లో ఫ్యాన్లు తిరిగితే చాలు అని ఆయన ఆలోచన. పగలు లైట్లు వెయ్యకూడదు, కిటికీలు బార్లా తెరవాలి. ఆ కిటికీల్లోంచి వెలుతురుతో పాటు పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటూ వచ్చేది. హాలంతా ఒకటే తుమ్ములు. మా ఇంగ్లీషు మాష్టారు తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఉన్న సందులోనే సిలబస్ పూర్తి చేశారంటే నమ్మాలి మీరు.

ఆ కరువు చల్లగా ఉండాలని కోరుకున్నవాణ్ణి జిల్లా మొత్తానికీ నేనొక్కణ్ణే. కారణం ఒక బీఎస్సీ అమ్మాయి. మేడ తెరిచున్న రోజుల్లో ఆమె మెట్లెక్కి కుడివైపుకి పోయేది, నేను ఎడమవైపుకి. హాల్లోకొచ్చాక తాగునీళ్ళ కుండ ఆమెకి అప్పగించారు. చుక్క ఒలకనివ్వదని ఆమెకి పేరు. ట్రాక్టరు మీద తెచ్చిన నీళ్ళు కనక మనిషికి అరగ్లాసే. నేను కావాలని వరసలో ఆఖరున నిలబడేవాణ్ణి.

"ఇంకో అరగ్లాసు పొయ్యవా?" అన్నాను ఒకరోజు.

"నీకే ఎందుకంట?"

"మా ఇంట్లో కష్టం అలాంటిది. మా ఊరి వాగు ఎండిపోయేసరికి చేపలన్నీ నడుచుకుంటూ పొన్నూరు కాలవకి బయల్దేరాయి. దార్లో మా నాన్నని ఆపి, బస్సెన్నింటికండీ అని అడిగాయి."

ఆమె నవ్వలేదు. "టిక్కెట్లు తీసుకున్నాయా?"

"లేదు. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు."

అరగ్లాసు పోసింది. అప్పట్నుంచి అదే ఒప్పందం. కథ బాగుంటే నీళ్ళు, లేకపోతే "పోవయ్యా, దాహంతో చావు" అనేది. మా నాయనమ్మ పెరట్లో కాసిన పండుమిరపకాయకి రెండు తీగలు గుచ్చితే బల్బు వెలిగిందని చెప్పాను. "ఎన్ని వోల్టులు?" అంది, ఎంతైనా ఫిజిక్సు పిల్ల కదా. కరెంటాఫీసు వాళ్ళొచ్చి చెట్టుకి మీటరు బిగించి పోయారన్నాను. ఆరోజు నవ్వింది. ఆ నవ్వు కోసం ఎన్ని చేపల్నైనా పొన్నూరు దాకా నడిపించేవాణ్ణి.

"ఏరా, ఆ పిల్ల తన వంతు నీకు పోస్తోంది, చూసుకుంటున్నావా?" అన్నాడు మా బెంచీవాడు. నేను చూసుకోలేదు. మర్నాటి నుంచి నీళ్ళొద్దన్నాను. కథ మాత్రం వినమన్నాను. వినేది.

అలా ఒకరోజు నేను చెప్పింది సైకిల్ స్టాండు కథ. "స్టాండు కింద ఏరు పారుతోంది. పొద్దున నా సైకిలు పొడిగా పెడతానా, సాయంత్రానికి టైర్లు తడిసి ఉంటాయి. నిన్న చువ్వల మధ్య కొర్రమీను ఇరుక్కుంది." ఆమె ఆ చేప ఏం చేసుకున్నావని అడుగుతుండగా చూస్తే, మా వెనకాల నిలబడ్డ ప్రిన్సిపాల్ గారు అప్పటికే స్టాండు వైపు పరిగెడుతున్నారు. కొర్రమీను సంగతి ఆయన వినలేదు. టైర్లు తడవడం దాకానే విన్నారు.

నీళ్ళ కోసం అల్లాడుతున్న మనిషి. వినుకొండ వైపు నుంచి నీళ్ళు చూసే పెద్దాయన్ని పిలిపించారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఆవరణంతా తిరిగాడు. అడ్డంగా ఉన్న కాయ సైకిల్ స్టాండు దగ్గరికి రాగానే నిలువుగా లేచింది. బోరు లారీ వచ్చింది. ముందు తెల్లటి రాతిపిండి లేచింది, తర్వాత బురద, ఆ తర్వాత మా హాలు కప్పంత ఎత్తున నీళ్ళు.

"ఒరేయ్, నీ నోట్లో గంగమ్మ ఉందిరా," అని మావాళ్ళు నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. అంత ఎత్తు నుంచి చూస్తే వరండాలో ఆమె చప్పట్లు కొడుతోంది. పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన వాటిలో నిజమైంది అదొక్కటే. అదే నా కొంప ముంచింది.

కరెంటు కోతలూ తగ్గాయి, మేడ గదులు మర్నాడు తెరుస్తామన్నారు. సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక ఆమె కుండ కడిగి బోర్లించింది.

"ఆఖరి కథ చెప్పు మరి," అంది.

"బోరు పడకపోతే బాగుండేది. నాకు రోజూ ఇక్కడే, ఈ కుండ దగ్గరే నిలబడాలని ఉంది."

ఆమె చేతులు తుడుచుకోవడం ఆపింది. నావైపు తిన్నగా చూసి, "ఊఁ, తర్వాత?" అంది.

చేపలకి బస్సు చూపించినవాణ్ణి, మిరపచెట్టుకి మీటరు పెట్టించినవాణ్ణి, నాకు తర్వాత ఏమిటో తోచలేదు. ఆమె తొందరపెట్టలేదు. తలుపు వెయ్యడానికి అటెండరు వచ్చి తాళం గుత్తి గలగలలాడించే దాకా అలాగే నిలబడింది.

"అంతేనా?" అంది అప్పుడు, మెల్లగా. పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆమె కుడివైపుకి, నేను ఎడమవైపుకి. మా గదిలో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, కొళాయి తిప్పితే నీళ్ళే నీళ్ళు. ఎవరికీ ఎవరితోనూ పని లేకుండా పోయింది.

ఇదంతా మా ఆవిడకి చెబితే, "చేపల్ని నమ్ముతాను గానీ ఆ పిల్ల మాత్రం మీ కల్పనే," అంటుంది. సరే, కల్పనే అంటాను. కల్పనైతేనే ఇంకోసారి చెప్పమంటుంది.