లడ్డు చుట్టిన కాగితం

ఊళ్లో పాలు పోసి బతికే మా చిన్నమ్మను ఈ రోజు తిరుపతిలో క్యాన్సర్ డాక్టరుకు చూపించాను. జబ్బు నయమైంది కానీ, మందులకు రాలిన జుట్టు ఇంకా రాలేదు. వచ్చేటప్పుడు పట్టుబట్టి లడ్డు కొనిపించింది. ఎందుకో నాకర్థం కాలేదు. నా సంచి నిండా ఊళ్లో పంచమని ఆస్పత్రిలో ఇచ్చిన ‘క్యాన్సర్ అంటుకోదు, దాచకండి’ అనే కరపత్రాలు.

పలమనేరు బస్సులో మా ఊరి గంగవ్వ ఎక్కి, చిన్నమ్మ గుండు చూసింది.

“కొండకు పోయొస్తా ఉండావా మే? మొక్కు తీరిందా?”

“తీరిందవ్వా.”

నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతే చిన్నమ్మ గిల్లి, చెవిలో అంది: “తెలిస్తే రేప్పొద్దున నా పాలు ఎవురు పోయించుకుంటారు రా? అన్నీ నువ్వే తాగతావా?”

లడ్డు తీసి నేనే ఇచ్చాను. అవ్వ కళ్లకద్దుకుని, “మనవరాలికి తీసకపోతా, కాగితం ఉంటే ఇయ్యి నాయనా” అంది. నా దగ్గరున్న కాగితాలు అవే. ఒకదాంట్లో చుట్టి ఇచ్చేశాను.

చిన్నమ్మకూ అవ్వకూ చదువు రాదు. మనవరాలు మాత్రం పదో తరగతి. ఆ పిల్ల చదివి, అంటుకోదని పదిమందికీ చెబుతుందా, లేక చిన్నమ్మ గుండు సంగతి ఆరా తీస్తుందా? కాగితం సంగతి చిన్నమ్మతో ఇంకా చెప్పలేదు. నేను చేసింది మంచి పనా, కొంప ముంచే పనా? మీకేమైనా తెలిస్తే చెప్పండి.